వర్తక సంఘం ధార్మిక సంస్థ కాగలదా? ఆంధ్రా చాంబర్ పన్ను వివాదం

సంఘాల నమోదు చట్టం, తొలి ఆదాయపు పన్ను చట్టం రెండూ 1860లోనే వెలువడినవి. అయితే నమోదు ఒక్కటే పన్ను నుండి విముక్తి కలిగించదు. 1922 చట్టం 'ధార్మిక ప్రయోజనం' అనే మాటను పేదల ఆదరణ, విద్య, వైద్యం దగ్గర ఆపక, 'సాధారణ ప్రజోపయోగం' గల ఇతర లక్ష్యాలకూ విస్తరించింది. వివాదాలన్నీ ఈ చివరి పదబంధం చుట్టూనే నడిచాయి.

మద్రాసులోని ఆంధ్రా చాంబర్ ఆఫ్ కామర్స్ సభ్యులకు లాభం పంచే వీలులేని కంపెనీ. తన ఆస్తిపై వచ్చిన ఆదాయానికి అది మినహాయింపు కోరింది. వాణిజ్య శాసనాలను సమర్థించడం, వ్యతిరేకించడం రాజకీయ లక్ష్యమని పన్నుల శాఖ వాదించింది. అభ్యంతరం తేలికైనది కాదు. ఆంగ్ల న్యాయసంప్రదాయం రాజకీయ ప్రయోజనాన్ని ధర్మంగా అంగీకరించదు. అయినా 1964లో సుప్రీంకోర్టు చాంబర్ పక్షానే తీర్పు చెప్పింది. వాణిజ్యాభివృద్ధి ఫలం వర్తకులకే పరిమితం కాదనీ, శాసనాల విషయమైన కృషి ప్రధాన లక్ష్యానికి అనుషంగికం మాత్రమేననీ నిర్ణయించింది.

కానీ ఆ గెలుపు పాత చట్టం కిందిది. అప్పటికే 1961 చట్టం ప్రజోపయోగ లక్ష్యానికి 'లాభార్జన కార్యకలాపం ఉండరాదు' అనే షరతు చేర్చింది. ఆ షరతు మూలంగానే 1975లో, కన్నడ పత్రికలు నడిపిన లోక శిక్షణ ట్రస్టుకు అదే న్యాయస్థానంలో మినహాయింపు దక్కలేదు.