మోటారుకు మీటరు: ఒక లెక్క చరిత్ర

ఖమ్మం నుంచి సత్తుపల్లి పోయే దారిలో పెనుబల్లి మండలం తగులుతుంది. ఒక పక్క నీలాద్రి గుట్టలు, అడవి. ఇంకో పక్క కాసేపు ప్రయాణిస్తే చాలు, ఆంధ్రప్రదేశ్‌లోని తిరువూరు. అడవిమల్లేల దగ్గర కట్టలేరు మీద లంకాసాగర్ ప్రాజెక్టు ఉంది. దాని కింద వరి పండుతుంది. కాలువ ఎక్కని మెరక పొలాల్లో మామిడి, పామాయిల్, పత్తి, మిర్చి కనిపిస్తాయి. వాటిలో చాలావరకు బోర్ల మీదే బతకాలి.

కాలువ కింది రైతు, బోరు కింది రైతు పక్కపక్కనే ఉంటారు. ఇద్దరికీ కావలసింది నీళ్లే. కానీ నీళ్లకు ధర లెక్కగట్టే పద్ధతి మాత్రం ఇద్దరికీ ఎప్పుడూ ఒకటి కాదు. కాలువ నీటికి తీరువా ఎకరాల లెక్కన వేసేవారు. ఏ పంట, ఎన్ని ఎకరాలు అన్నదే లెక్క. ఎంత నీరు పారించావని ఎవరూ అడగలేదు. బోరు రైతు సంగతి వేరు. తవ్వించిన ఖర్చు తనది, మోటారు తనది, పైపులు తనవి. ఇవన్నీ అయ్యాక నీళ్లు పైకి రావాలంటే కరెంటు కావాలి. ఆ కరెంటును ఎలా లెక్కపెట్టాలి అన్న ప్రశ్న చుట్టూ తెలుగునాట నలభై ఏళ్ల రాజకీయం తిరిగింది. ఒక ప్రభుత్వం పడిపోవడంలో దానికీ వాటా ఉంది. హైదరాబాద్ నడిబొడ్డున ముగ్గురి ప్రాణాలు పోయాయి.

"వాడినంతకే కట్టు" అనే మాట మనకి ఇప్పుడు కొత్త వ్యాపార సూత్రంలా వినిపిస్తుంది. అమెజాన్ 2006 మార్చిలో ఎస్3 అనే స్టోరేజి సేవ మొదలుపెట్టి, గిగాబైటుకు నెలకు 15 సెంట్లు అన్నప్పుడు అదో పెద్ద మార్పు. సర్వర్లు కొనక్కర్లేదు, వాడుకున్నంత బిల్లు వస్తుంది. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అన్నప్పుడు, నిమిషం మొత్తానికి డబ్బులు కట్టే అలవాటున్న మనం ఎంత సంబరపడ్డామో గుర్తుండే ఉంటుంది. కానీ ఈ సూత్రం పుట్టింది కంప్యూటర్లలో కాదు, కరెంటు తీగల మీద. క్లౌడ్ కంపెనీలు తమ సేవను కరెంటుతో పోల్చి చెప్పుకునేది కూడా అందుకే.

ఎడిసన్ 1882లో న్యూయార్క్‌లోని పెర్ల్ స్ట్రీట్ నుంచి కరెంటు అమ్మడం మొదలుపెట్టాక, ఎవరెంత వాడారో తేల్చడానికి ఒక రసాయన మీటరు వాడాడు. ఒక ద్రావణంలో జింకు పలకలు ఉండేవి. కరెంటు పారేకొద్దీ ఒక పలక అరిగి, ఇంకోదాని మీద జింకు పేరుకునేది. కంపెనీ మనిషి వచ్చి పలకలు తీసుకెళ్లి, తూకం వేసి బిల్లు రాసేవాడు. ఇంటాయనకి ఆ పలకల్ని చూసి తన వాడకం ఎంతో తెలుసుకునే దారి లేదు. కంపెనీ తూకమే నమ్ముకోవాలి. కొలత ఎవరి చేతిలో ఉంది అన్నది మొదటి మీటరుతోనే వచ్చిన తగాదా అన్నమాట.

రెండో తగాదా ఇంకా లోతైనది. జాన్ హాప్కిన్సన్ అనే ఇంగ్లండ్ ఇంజనీరు 1892లో ఒక మాటన్నాడు. కరెంటు కంపెనీకి అయ్యే ఖర్చు రెండు రకాలు. బొగ్గు ఖర్చు వాడకాన్ని బట్టి పెరుగుతుంది. స్టేషను, యంత్రాలు, తీగలు మాత్రం ఎవరూ స్విచ్ వేయకపోయినా ఖర్చే. అందరూ ఒకేసారి వేస్తే తట్టుకునేంత పెద్దగా వాటిని కట్టాలి. కాబట్టి బిల్లులో రెండు ముక్కలుండాలి: నీకోసం సిద్ధంగా ఉంచినందుకు ఒకటి, నువ్వు వాడినందుకు ఒకటి. మన కరెంటు బిల్లులో ఫిక్స్‌డ్ చార్జీ, ఎనర్జీ చార్జీ అని రెండు వరుసలు కనిపించేది ఈ ఆలోచన వల్లే. క్లౌడ్‌లో ముందే రిజర్వ్ చేసుకుంటే ఒక రేటు, అప్పటికప్పుడు తీసుకుంటే ఇంకో రేటు ఉండడం వెనక ఉన్నదీ ఇదే లెక్క.

ఇక మన దగ్గరికి వద్దాం. 1959లో రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడింది. 1960ల్లో పాల్వంచలో థర్మల్ కేంద్రం మొదలైంది. అంటే కరెంటు పుట్టే చోటు అప్పటి ఖమ్మం జిల్లాలోనే ఉండేది. హరిత విప్లవంతో పాటు పంపుసెట్లు పెరిగాయి. మొదట్లో వాటికి మీటర్లు ఉండేవి. కానీ ఊరికి దూరంగా, పొలం మధ్యలో ఉన్న ఒక్కో మోటారు దగ్గరికి మనిషిని పంపి రీడింగు తీయించడానికి అయ్యే ఖర్చు, వచ్చే బిల్లుతో పోలిస్తే తక్కువేమీ కాదు. రైతు వైపు చూస్తే తప్పుడు రీడింగులు, పేరుకుపోయిన బకాయిలు, పంట చేతికొచ్చే వేళ ఫ్యూజు పీక్కుపోయే లైన్‌మన్. ఇద్దరికీ మీటరు మీద మోజు పోయింది. 1980ల మొదట్లో దాని స్థానంలో హార్స్‌పవర్ లెక్క వచ్చింది. రామారావు ప్రభుత్వం హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు అంది. జనం నోట అది "స్లాబు" అయింది.

ఈ స్లాబును ఒకసారి లెక్కేసి చూద్దాం. 5 హార్స్‌పవర్ మోటారు అంటే సుమారు 3.7 కిలోవాట్లు. రోజుకు 7 గంటలు తిరిగితే దాదాపు 26 యూనిట్లు. ఏడాదికి కట్టేది 250 రూపాయలు. బోరులో నీళ్లు తక్కువై ఏడాదిలో 30 రోజులే మోటారు నడిపిన రైతుకు యూనిట్ 32 పైసలు పడింది. 200 రోజులు నడిపినవాడికి 5 పైసలు కూడా పడలేదు. స్లాబు అందరికీ చవకే, కానీ నీళ్లు బాగా పడినవాడికి మరీ చవక. ఎండిన బోరు రైతుకు అదే రేటు ఆరేడు రెట్లు ఎక్కువ. సమానంగా కనిపించే రేటు లోపల ఇంత తేడా దాక్కుని ఉంది.

ఇంకోటి కూడా జరిగింది. స్లాబు కట్టేశాక ఇంకో గంట మోటారు నడిపితే అయ్యే ఖర్చు సున్నా. మరి వాడకాన్ని ఆపేదెవరు? ఆ పని గడియారానికి అప్పజెప్పారు. త్రీ ఫేజు కరెంటు రోజుకు ఇన్ని గంటలే, అదీ విడతలుగా, అర్ధరాత్రో తెల్లవారుజామునో. ధర చేయాల్సిన పని కోత చేసింది. ఆ గంటల కోసం రైతులు చీకట్లో టార్చిలైటు పట్టుకుని పొలాలకు వెళ్లారు. పాము కాట్లకు, తడి చేతులతో స్టార్టరు డబ్బా ముట్టుకుని షాకులకు బలయ్యారు. ఆ బాధ పడలేక చాలామంది ఆటోస్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే అన్ని మోటార్లూ ఒక్కసారే తిరిగేవి. వోల్టేజి పడిపోయేది, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయేది. హాప్కిన్సన్ భయపడిన "అందరూ ఒకేసారి" దృశ్యం సరిగ్గా ఇదే.

విద్యుత్ బోర్డుకు మాత్రం మీటరు లేకపోవడం వల్ల ఒక సౌకర్యం దొరికింది. పంపుసెట్లు ఎంత వాడాయో ఎవరికీ తెలియదు కాబట్టి, లెక్కకు దొరకని కరెంటునంతా వ్యవసాయం పద్దులో రాసేయొచ్చు. తీగల్లో పోయినది, దొంగతనంగా పోయినది, బిల్లు వేయడం మర్చిపోయినది, అన్నీ "రైతుల వాడకం" కిందికి చేరాయి. ఇది ఒక్క మన రాష్ట్రం కథే కాదు. దేశంలో చాలాచోట్ల సంస్కరణల సమయంలో లెక్కలు తిరగేస్తే వ్యవసాయ వాడకం అంకె తగ్గి, నష్టాల అంకె పెరిగింది. అప్పటిదాకా రైతుల మీద పడిన నిందలో కొంత వాళ్లది కానే కాదన్నమాట.

1998లో విద్యుత్ సంస్కరణల చట్టం వచ్చింది. 1999 ఫిబ్రవరిలో బోర్డు జెన్‌కోగా, ట్రాన్స్‌కోగా విడిపోయింది. వెనక ప్రపంచ బ్యాంకు రుణం ఉంది. నియంత్రణ మండలి 2000 మేలో ఇచ్చిన మొదటి టారిఫ్ ఉత్తర్వుతో చార్జీలు పెరిగాయి. వామపక్షాలు, కాంగ్రెస్ రోడ్డెక్కాయి. ఆగస్టు 28న చలో అసెంబ్లీ ప్రదర్శన మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. బాలస్వామి, విష్ణువర్ధన్ రెడ్డి, రామకృష్ణ చనిపోయారు. ఖర్చుకు తగ్గ ధర అనేది ఆర్థికశాస్త్ర పాఠంలో సాఫీగా నడిచే వాక్యం. అది బషీర్‌బాగ్ చౌరస్తాలో తూటాగా అర్థమైంది. ఆ తర్వాత ఇక్కడ ఏ నాయకుడూ మీటరు పేరెత్తడానికి ధైర్యం చేయలేదంటే కారణం అక్కడుంది.

2004 మే 14న రాజశేఖర రెడ్డి ముఖ్యమంత్రిగా మొదటి సంతకం ఉచిత కరెంటు ఫైలు మీద పెట్టారు. పాత బకాయిలు మాఫీ అయ్యాయి. ఈ నిర్ణయాన్ని "ఓట్ల కోసం పంచిపెట్టడం" అని తీసిపారేసేవాళ్లు ఒక విషయం పట్టించుకోరు. కాలువ రైతుకు ఆనకట్ట, కాలువ, తూము అన్నీ ప్రభుత్వం కట్టించి ఇచ్చింది. ఆ ఖర్చు తీరువాలో ఎన్నడూ తిరిగి రాలేదు. ఎవరూ దాన్ని ఉచితం అనలేదు. మెరక రైతు తన డబ్బుతో బోరు వేసుకుంటే, కరెంటు మాఫీ మాత్రం ఉచితం అయిపోయింది. లంకాసాగర్ ఆయకట్టుకీ, దాని ఎగువన ఉన్న బోరు చేలకీ మధ్య నిలబడి చూస్తే ఈ మాట తేలిగ్గానే అర్థమవుతుంది.

అలాగని ఉచితంతో లెక్క మాయం కాలేదు. అది రైతు బిల్లు నుంచి ప్రభుత్వ బడ్జెట్‌కు, సబ్సిడీ పద్దుకు మారింది. కొంత పరిశ్రమల, షాపుల టారిఫ్‌లోకి వెళ్లింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో దాదాపు 23 లక్షల పంపుసెట్లకు 24 గంటల కరెంటు వచ్చింది. చీకట్లో పొలానికి వెళ్లే బాధ తగ్గింది. అదే సమయంలో గడియారం చేస్తున్న కాపలా కూడా పోయింది. ఆటోస్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతుల్ని బతిమాలాల్సి వచ్చింది. ధరా లేక, గంటల హద్దూ లేక, ఇక మిగిలిన ఒకే ఒక్క హద్దు భూమి కింద నీళ్లు.

2020లో సరిహద్దుకు రెండు వైపులా రెండు దారులు కనిపించాయి. అదనపు అప్పు కావాలంటే విద్యుత్ సంస్కరణలు చేయాలని కేంద్రం షరతు పెట్టింది. ఆంధ్రప్రదేశ్ పంపుసెట్లకు మీటర్లు పెట్టి, బిల్లు డబ్బులు రైతు ఖాతాలో వేస్తామంది. శ్రీకాకుళం జిల్లాలో ప్రయోగం మొదలైంది. తెలంగాణ ప్రభుత్వం ససేమిరా మీటర్లు పెట్టేది లేదంది. తిరువూరు వైపు, పెనుబల్లి వైపు ఉన్న నేల ఒకటే, పంటలూ ఇంచుమించు ఒకటే. మోటారు పక్కన ఏ డబ్బా ఉండాలన్నది మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారే విషయమైపోయింది.

పట్నంలో ఉన్న మనకి ఇదంతా దూరపు కథ అనిపిస్తే, ఇంట్లో బిల్లు తీసి చూడండి. తెలంగాణలో 2022 టారిఫ్ ప్రకారం నెలకు సరిగ్గా 200 యూనిట్లు వాడితే ఎనర్జీ చార్జీ 820 రూపాయలు. 201 వాడితే శ్లాబు మొత్తం మారి 1,027 రూపాయలు దాటుతుంది. 2024లో గృహజ్యోతి వచ్చాక అర్హులకు 200 దాకా సున్నా, ఒక్క యూనిట్ దాటితే మొత్తం బిల్లు. ఆ ఒక్క యూనిట్ ధర వెయ్యి రూపాయల పైమాటే. నెలాఖరులో ఫ్యాను ఆపి మీటరు వంక చూసే అద్దె ఇళ్లవాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. అయినా వాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. మీటరు గోడకే ఉంటుంది, అంకె కనిపిస్తుంది.

2003 విద్యుత్ చట్టంలోని 55వ సెక్షన్ మీటరు లేకుండా కరెంటు ఇవ్వకూడదంటుంది. ఇరవై ఏళ్లు దాటినా పొలాల్లో అది అమలు కాలేదు. కొలవడం వేరు, డబ్బులు వసూలు చేయడం వేరు అని అధికారులు ఎంత చెప్పినా రైతు నమ్మడు. ఈ గడ్డ మీద కొలత వెంట బిల్లు, బిల్లు వెంట బకాయి, బకాయి వెంట ఫ్యూజు పీకే మనిషి రావడం అతను చూశాడు. ఖాతాలో వేస్తామన్న డబ్బు ఒక నెల ఆలస్యమైతే ఎవరి కరెంటు ఆగుతుందో కూడా అతనికి తెలుసు. ఆ భయం తీరాలంటే ముందు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మీటరు పెట్టి, దాని కింది మోటార్లన్నీ కలిపి ఎంత వాడాయో ఆ ఊరి రైతులకే చూపించడం ఒక దారి. ఎవరి పేరు మీదా బిల్లు రాదు, ఎవరి నష్టాలో రైతుల పద్దులోకి చేరవు. ఎడిసన్ జింకు పలకల నాటి నుంచి ఇంతవరకు మీటరు కంపెనీ కోసమే తిరిగింది. ఒక్కసారి అది రైతుకి రీడింగు చెప్పే పని చేస్తే, పెనుబల్లి మెరకల్లో మిగిలిన నీళ్ల గురించి మాట్లాడుకోవడం బహుశా అక్కడినుంచి మొదలుపెట్టవచ్చు.