అరకు వెళ్ళే ముందు ఆ దారి కథ

కారు కొని ఎనిమిది నెలలైంది. ఇంతవరకు భీమిలి దాటి వెళ్ళలేదు. పిల్లలిద్దరూ వాళ్ళ వాళ్ళ ఊళ్ళకి వెళ్ళిపోయాక ఇల్లు బోసిపోయింది కదా, మనమిద్దరమే రెండు రోజులు ఎటైనా వెళ్ళొద్దాం అన్నారు మావారు. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో మేమిద్దరమే వెళ్ళిన ప్రయాణం ఒక్కటీ లేదు. తిరుపతికి అత్తయ్యగారితో, షిర్డీకి ఆడపడుచుల కుటుంబాలతో, ఊటీకి ఆఫీసు వాళ్ళ బస్సులో. అందుకే అరకు అనగానే సరేనన్నాను.

పనులు పంచుకున్నాం. కారు, బ్రేకులు, టైర్లు, పెట్రోలు ఆయనవి. గది, తిండి, ఏం చూడాలో తేల్చడం నావి. మేం తెనాలి వాళ్ళం, ఉద్యోగం రీత్యా విశాఖ వచ్చి మూడేళ్ళే అయింది. మాకు కొండదారులు తెలియవు. కాల్వగట్టు మీద తిన్నగా నడిపిన చెయ్యి ఆయనది. విశాఖ నుంచి పెందుర్తి, కొత్తవలస, శృంగవరపుకోట, అక్కడి నుంచి ఘాట్ ఎక్కి అనంతగిరి మీదుగా అరకు. మొత్తం 115 కిలోమీటర్లు అటూ ఇటూ. కాగితం మీద మూడున్నర గంటలు.

ఫోన్లో అమ్మకి చెప్తే ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత, "ఏజెన్సీకా? ఇద్దరేనా?" అంది.

అమ్మ భయం వెనక ఒక కథ ఉంది. తాతయ్యకి 1950ల మొదట్లో పాడేరు వైపు బదిలీ అయింది. ఆ రోజుల్లో ఏజెన్సీకి బదిలీ అంటే శిక్ష వేసినట్టే. అమ్మమ్మ పిల్లల్ని తీసుకుని తెనాలిలోనే ఉండిపోయింది. ఏడాదిన్నరకి తాతయ్య తిరిగొచ్చారు. వచ్చినప్పుడు కళ్ళు పచ్చగా, కడుపు ఉబ్బి, మూడు రోజులకోసారి వణుకుతూ ఉండేవారట. క్వినైను వేసుకుని వేసుకుని చెవుల్లో హోరు మిగిలిపోయింది. మా ఇంట్లో 'మన్యం' అన్న మాటకి అర్థం కొండలు కాదు, జ్వరం. అమ్మ ఇప్పటికీ "మన్యం నీళ్ళు మనకి పడవు" అంటుంది.

నీళ్ళ తప్పు కాదని అమ్మకి చెప్పడానికే నేను చదవడం మొదలుపెట్టాను. మలేరియా దోమ వల్ల వస్తుందని రొనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897లో. అంతకుముందు దాన్ని చెడుగాలి అనో, చెడునీరు అనో అనుకునేవారు. ఘాట్ పైన గాలికొండ అని ఒక వ్యూ పాయింట్ ఉంది, అందరూ ఆగి ఫొటోలు తీసుకుంటారు. 19వ శతాబ్దంలో ఇంగ్లీషు వాళ్ళు ఆ కొండల మీద తమ సైనికుల కోసం ఊటీలాంటి విడిది పెట్టాలని చూశారు. జ్వరం పట్టి పీడించడంతో వదిలేసి దిగిపోయారు. దొరలు కట్టుకోవాలనుకుని కట్టుకోలేకపోయిన వేసవి విడిది మన అరకు.

స్వతంత్రం వచ్చాక 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, ఇంటింటా డి.డి.టి. చల్లారు. తాతయ్య తిరిగొచ్చింది దానికి కాస్త ముందు. ఇప్పటికీ మన్యంలో మలేరియా పూర్తిగా పోలేదు. మేం రెండు రోజులు ఉండి వచ్చేస్తాం, దోమల క్రీము రాసుకుంటాం. అక్కడే పుట్టి పెరిగేవాళ్ళకి అది రెండు రోజుల సంగతి కాదు. అమ్మకి చెప్దామని మొదలుపెట్టింది ఇక్కడికొచ్చేసరికి నాకే తగిలింది.

అసలు 'ఏజెన్సీ' అన్న మాట ఎక్కడిదో మీరెప్పుడైనా ఆలోచించారా? ఇన్నేళ్ళూ నేను ఆలోచించలేదు. గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాల్లో తిరుగుబాట్లు ఆగకపోవడంతో 1839లో కంపెనీ ప్రభుత్వం 24వ చట్టం చేసింది. మైదానంలో నడిచే మామూలు కోర్టులూ నిబంధనలూ అక్కడ నడవవు, కలెక్టరే గవర్నరుకి 'ఏజెంటు'గా అన్నీ చూస్తాడు అని. ఏజెంటు ఏలే చోటు కాబట్టి ఏజెన్సీ. దొరలు పోయారు, ఆ పేరు మన నోట్లో ఉండిపోయింది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా జిల్లా ఏర్పడి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. అయినా అమ్మకి అది ఏజెన్సీయే, నాకూ అదే మాట వస్తుంది.

ఆ పేరు దగ్గరే రోడ్డు కథ కూడా ఉంది. అల్లూరి తిరుగుబాటు అనగానే మనకి పోలీసు స్టేషన్లు గుర్తొస్తాయి. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. కానీ కోపం అంతకుముందే మొదలైంది. 1882 మద్రాసు అటవీ చట్టంతో అడవి సర్కారుదైపోయింది, పోడుకి అడ్డంకులొచ్చాయి. ఆపైన నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ గిరిజనులతో బలవంతంగా పని చేయించి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. ఆ కొండల్లో రోడ్డంటే దొరల బండ్లు రావడానికి, కలప దిగిపోవడానికి. వేసినవాళ్ళకి అందులో దక్కింది నడ్డి విరగడమే. అది మేం వెళ్ళే ఘాట్ కాదు, పక్క కొండల దారి. అయినా మలుపులు తిరుగుతూ హాయిగా ఎక్కుదాం అని ప్లాను వేసుకుంటున్న నాకు అది చదివాక రోడ్డు మామూలు తారులా కనిపించడం మానేసింది.

మావారికి ఈ సంగతి చెప్తే, "అయితే రైల్లో వెళ్దామా?" అని నవ్వారు. రైలు కథ కూడా అలాంటిదే అని చెప్పాను. అద్దాల బోగీలో కూర్చుని సొరంగాలు లెక్కపెట్టుకునే ఆ కొత్తవలస–కిరండూల్ లైను మనలాంటి వాళ్ళ కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజం జపాను ఉక్కు కర్మాగారాలకి కావలసివచ్చి, 1960లో ఆ దేశంతో ఒప్పందం కుదిరి, ఆ దశాబ్దంలోనే కొండలు తొలిచి వేశారు. ఖనిజం విశాఖ రేవుకి దిగడానికే ఆ దారి. మనుషుల బళ్ళు తర్వాత వచ్చాయి.

అరకు దాటి ఒడిశా వైపు వెళ్తే మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. అది 1955లో మొదలైంది, కరెంటు కిందికి వచ్చింది. గోస్తనీ నది పుట్టేది అనంతగిరి కొండల్లో. బొర్రా గుహల దగ్గరగా పారి, తాటిపూడి జలాశయంలో కాసేపు ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. ఆ తాటిపూడి నీళ్ళే విశాఖకి తాగునీళ్ళుగా వస్తాయి. అమ్మకి ఈ ఒక్క ముక్క చెప్పాను. "అమ్మా, మన్యం నీళ్ళు పడవంటావు, మూడేళ్ళుగా విశాఖలో మేం తాగేవాటిలో అవీ ఉన్నాయి" అని. అమ్మ కాసేపు ఆలోచించి, "కాచి తాగుతున్నారా లేదా?" అంది.

బొర్రా గుహల గురించి వెతికితే ప్రతిచోటా ఒకటే వాక్యం. 1807లో భారత భూగర్భ సర్వే సంస్థకి చెందిన విలియం కింగ్ కనుగొన్నాడని. ఆ సంస్థ పుట్టిందే 1851లో! లేని సంస్థ ఉద్యోగి 1807లో ఎలా వచ్చాడో రాసినవాళ్ళు ఒక్కరూ చూసుకోలేదు. స్థానికులు చెప్పే కథ వేరు. మేస్తున్న ఆవు పైన కన్నంలోంచి గుహలో పడింది, వెతుక్కుంటూ దిగిన పశువుల కాపరికి లోపల శివలింగంలాంటి రాయి కనిపించింది, అందుకే నదికి గోస్తనీ అని పేరు. తేదీ లేకపోయినా ఈ కథలో ఆ చోట మనుషులు ముందునుంచీ ఉన్నారన్న నిజం ఉంది. దొర కనుగొన్నాడన్న వాక్యంలో అది లేదు.

ఇంతలో గది వెతుకుతుంటే అసలు విషయం బయటపడింది. రెండో రోజు మధ్యాహ్నం ఏమీ పెట్టవద్దన్నారు మావారు. ఎందుకంటే చెప్పలేదు. గట్టిగా అడిగితే చెప్పారు. తెలిసినాయన ఒకరు అరకు దగ్గర పది సెంట్ల స్థలం చూపిస్తానన్నాడట. రిటైరయ్యాక రెండు గదుల ఇల్లు, ముందు నాలుగు కాఫీ మొక్కలు, పొద్దున్నే మంచు. నాకు సర్‌ప్రైజ్ ఇద్దామని దాచారు. కాగితాలు మాత్రం అక్కడి గిరిజనుడి పేరు మీదే ఉంటాయట. "అందరూ అలాగే చేస్తున్నారు, ఏం కాదు" అన్నాడట ఆ మధ్యవర్తి.

నాకు ఆ ఇల్లు కళ్ళ ముందు కనిపించింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఆశ కూడా పుట్టింది. కానీ అప్పటికే నేను సగం చదివి ఉన్నాను.

ఏజెన్సీ భూములు షావుకార్ల చేతిలోకి పోతున్నాయని ఇంగ్లీషు ప్రభుత్వమే 1917లో ఒక చట్టం చేసింది, అప్పుల వడ్డీకీ భూముల బదిలీకీ కళ్ళెం వేస్తూ. స్వతంత్రం వచ్చాక 1959లో భూబదలాయింపు నిబంధనలు వచ్చాయి. అందులో కంతలు కనిపించాక 1970లో మొదటి రెగ్యులేషన్‌తో గట్టిచేశారు. మనం '1/70 చట్టం' అనేది అదే. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల పేరుకి మారకూడదు. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు.

అది కాగితం మీద చట్టంగానే మిగలలేదు. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల నిమ్మలపాడు లాంటి గూడేల దగ్గర, గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకి ఇచ్చారు. ఆ గిరిజనుల తరఫున 'సమత' అనే సంస్థ కోర్టుకి వెళ్ళింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక 'వ్యక్తే', కాబట్టి అది కూడా గిరిజన ప్రాంతపు భూమిని గిరిజనేతర కంపెనీలకి లీజుకివ్వడానికి వీల్లేదని. మేం టిక్కెట్టు కొనుక్కుని చూడబోయే గుహల పక్కనున్న గూడేల వాళ్ళు, దేశం మొత్తం చెప్పుకునే తీర్పు తెచ్చుకున్నారు.

రాత్రి భోజనాలయ్యాక ఇదంతా ఆయనకి చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "మనం కంపెనీయా? పది సెంట్లే కదా. అతనికీ డబ్బొస్తుంది" అన్నారు. ఆ మాటా తీసిపారేసేది కాదు. అవసరంలో ఉన్నవాడు అమ్ముకోలేకపోవడం కూడా కష్టమే. కాసేపు నాకు జవాబు దొరకలేదు. చివరికి అడిగాను. "రేపు అతని కొడుకు వచ్చి ఇది మా నాన్న పేరు మీద ఉంది, మాది అంటే, మీరేమంటారు?"

"కాదంటాను."

"కాగితం అతనిది, చట్టం అతనిది. కాదనడానికి మన దగ్గర డబ్బూ మాటకారితనం తప్ప ఏమున్నాయండీ? 1917లో షావుకారు దగ్గర ఉన్నవీ అవే కదా."

ఆయన ఏమీ అనలేదు. కంచాలు తీసుకెళ్ళి సింకులో పెట్టారు. పొద్దున్న కాఫీ తాగుతుంటే, ఆ తెలిసినాయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశానన్నారు. కాస్త చిన్నబోయారు. ఇరవై ఏడేళ్ళలో మొదటిసారి నాకోసం ఒక ఇల్లు ఊహించుకున్నారు, నేను వద్దన్నాను. ఆ బాధ నాకూ ఉంది.

అందుకని ప్లాను మార్చాను. రెండో రోజు మధ్యాహ్నం ఖాళీగానే ఉంచాను, ఆ మంచు, ఆ కాఫీ మొక్కలు చూడటానికి. తూర్పు కనుమల్లో కాఫీ 1898 ప్రాంతంలో పాములేరు లోయలో మొదలైందట. ఇప్పుడు అరకు, పాడేరు చుట్టూ సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల మధ్య గిరిజన రైతులు తమ చెక్కల్లో పండిస్తున్నారు. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కి భౌగోళిక గుర్తింపు వచ్చింది. స్థలం కొనకపోతేనేం, రెండు కిలోల పొడి కొనుక్కుందాం, ప్రతి పొద్దున్నా అరకు మన వంటింట్లోనే అన్నాను. నవ్వారు.

ఇదీ మా కాగితం చివరికి తేలిన రూపం. తెల్లవారి ఆరింటికి బయల్దేరడం, చీకటి పడ్డాక ఘాట్ దిగకపోవడం. శృంగవరపుకోటలో టిఫిను, అక్కడే ట్యాంకు నింపుకోవడం. ఎక్కే బండికి దారి ఇవ్వడం, ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగడం, బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకపోవడం. చిల్లర ఉంచుకోవడం, సంతలో బేరం ఆడకపోవడం (ఇది నాకు కష్టం). పద్మాపురం తోట చూడటం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1942లో, సైనికులకి కూరగాయలు పండించడానికి వేసిన తోట అది. తర్వాత గిరిజన మ్యూజియం. ఎవరినైనా ఫొటో తీసేముందు అడగడం.

ఇంకో సంగతి కూడా రాసుకున్నాను, చైత్రంలో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుంది. ఇటుకల పండగప్పుడు మగవాళ్ళు వేటకి వెళ్తే ఆడవాళ్ళు రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి బళ్ళు ఆపి 'పజోరు' అడుగుతారు. దాన్ని విసుక్కునేవాళ్ళని చూశాను. దొరల రోడ్డుకి కూలి సరిగ్గా అందని కొండల్లో, ఏడాదికి కొన్ని రోజులు ఆడవాళ్ళు కర్ర అడ్డం పెట్టి మనల్ని నిలబెడుతున్నారు. నవ్వుతూ ఇచ్చి వెళ్ళడంలో మనకి పోయేదేముంది?

రేపే ప్రయాణం. అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి దోమతెర పెట్టుకున్నారా అని అడిగింది. పెట్టుకున్నామన్నాను. కాసేపాగి, "అక్కడ మీ తాతయ్య ఉన్న ఊరు ఎలా ఉందో కుదిరితే చూసి చెప్పవే" అంది. పాడేరు మా ప్లానులో లేదు. కాగితం మళ్ళీ తీశాను.