గనిలోకి దిగిన సూపర్‌మ్యాన్

ఈసారి పోస్టు కొంచెం పొడుగు. డ్యూటీ దిగి, తిని, తీరిగ్గా చదవండి.

సూపర్‌మ్యాన్ సినిమా ఏది వచ్చినా మా క్యాంపులో ఒకటే పంచాయితీ. "అసలు సూపర్‌మ్యాన్ ఇట్లుండడు" అని ఒకరు, "కామిక్స్‌ల ఉన్నట్టే తీసిండు" అని ఇంకొకరు. మరి ఆ అసలు ఏంది? అది తెలుసుకుందామని మేము పాత కామిక్స్ వెతికి చదివినం. మూడో సంచికలో ఒక కథ ఉంది. అది చదివినంక ఈ పంచాయితీ మొత్తం వేరేగా కనపడ్డది.

1938 ఆగస్టు తేదీతో వచ్చిన యాక్షన్ కామిక్స్ 3వ సంచిక అది. ఒక గని కూలుతుంది. లోపల ఒక కార్మికుడు చిక్కుకుంటాడు. పేరు స్టానిస్లావ్ కోబర్. పేరును బట్టే వేరే దేశం నుంచి బతకడానికి వచ్చినవాడని తెలుస్తుంది. అతను మాట్లాడే ఇంగ్లీషు కూడా మన ఇంగ్లీషు లాగే ముక్కలు ముక్కలు. సూపర్‌మ్యాన్ అతన్ని బయటికి తెస్తాడు గానీ మనిషి జన్మంతా అవిటివాడైపోతాడు. విలేకరి క్లార్క్ కెంట్ ఆస్పత్రికి పోయి అడిగితే కోబర్ ఏం చెప్తాడంటే, గని పాడైందని నెలల కిందటే తమకు తెలుసట. ఫోర్‌మన్లకు చెప్పారట. ఇష్టం లేకపోతే పని మానుకో అని వాళ్లు జవాబిచ్చారట. యజమాని బ్లేక్లీని అడిగితే, తప్పంతా ఆ కార్మికుడి అజాగ్రత్తదే అంటాడు.

అప్పుడు సూపర్‌మ్యాన్ ఎవరినీ గుద్దడు. గని కార్మికుడి బట్టలు వేసుకొని, యజమాని బంగ్లాలో పార్టీ జరుగుతుంటే అక్కడికి చేరతాడు. తాగిన సరదాలో దొరలు, దొరసానులు పార్టీని గనిలోకే మారుద్దాం అనుకుంటారు. పట్టుబట్టల మీదనే దిగుతారు. లోపలికి పోయాక సూపర్‌మ్యాన్ దారి కూల్చి మూసేస్తాడు. సాయం కోసం అలారం మోగిద్దామంటే అది పనిచెయ్యదు. రక్షణ సామాను పాడై ఉంటుంది. పార, గడ్డపార పట్టుకొని తవ్వడం తప్ప వేరే దారి ఉండదు. చేతులు బొబ్బలెక్కి, ఊపిరాడక కూలబడినప్పుడు గానీ ఆ యజమానికి కోబర్ గుర్తుకు రాడు. చివరికి బయటపడి, ఇక మీద తన గనిని దేశంలోనే భద్రమైన గనిగా నడుపుతానని మాటిస్తాడు. ఇదీ కథ. ఆకాశంలో ఎగురుడు లేదు, ఎర్ర కేప్ రెపరెపలు లేవు.

మేము ఫోర్‌మన్ పని చేసేటోళ్లం గనక ఆ ఒక్క జవాబు దగ్గర చాలాసేపు ఆగినం. ప్రోగ్రాం లేటైతుందని పై నుంచి ఫోన్ వస్తది. కింద షోరింగ్ లేని గుంత ఉంటది. ఆ రెండింటి మధ్యల నిలబడేది ఫోర్‌మనే. కోబర్‌కు వచ్చిన జవాబు ఎక్కడ పుట్టి, ఎవరి నోట బయటికి వస్తదో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఆ కథ రాసిన జెర్రీ సీగెల్‌కు గానీ, బొమ్మలు గీసిన జో షూస్టర్‌కు గానీ అప్పటికి ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లు మించవు. ఇద్దరూ అమెరికాలో క్లీవ్‌లాండ్ నగరంలో పెరిగిన యూదు పిల్లలు. సీగెల్ తల్లిదండ్రులు లిథువేనియా నుంచి వచ్చినవాళ్లు. తండ్రికి బట్టల దుకాణం ఉండేది. 1932లో ఆ దుకాణంలో దోపిడీ జరిగిన రాత్రే ఆయన ప్రాణం పోయింది. షూస్టర్ కెనడాలోని టొరంటోలో పుట్టాడు, తండ్రి దర్జీ. దేశమంతా పనుల్లేక జనం రోడ్డున పడ్డ కాలం అది. వాళ్లు ఊహించుకున్న మొనగాడు కూడా ఆ కాలానికి తగ్గట్టే ఉన్నాడు. మొదటి సంచికలోనే భార్యను కొట్టేవాణ్ని పట్టుకుంటాడు, చెయ్యని నేరానికి చావబోతున్న ఆడమనిషిని కాపాడతాడు, సెనేటర్‌ను డబ్బుతో లొంగదీసే దళారీని ఎత్తుకుపోయి భయపెడతాడు. 1939 జనవరి సంచికలో అయితే ఒక మురికివాడను తన చేతులతో నేలమట్టం చేస్తాడు, సర్కారు కొత్త ఇళ్లు కట్టక తప్పకుండా చెయ్యడానికి. (కూలగొట్టుడు ఒక్క పూటల అయిపోయింది. కట్టుడు మటుకు వేరేవాళ్ల మీదనే పడ్డది, ఎప్పటి లెక్కనే.)

ఇంకో సంగతి. ఈ మొదటి సూపర్‌మ్యాన్‌కు ఎగరడం రాదు, గెంతుతాడంతే. ఎగరడం వచ్చింది రేడియో, సినిమాల పుణ్యమే. 1940లో రేడియో నాటకం మొదలైంది. 1941లో ఫ్లైషర్ స్టూడియో కార్టూన్ సినిమాలు తీసింది, వాటితో ఎగరడం స్థిరపడింది. సూపర్‌మ్యాన్‌ను నీరుగార్చే క్రిప్టోనైట్ రాయి కూడా 1943లో రేడియో నాటకంలోనే ముందు వచ్చి, తర్వాత కామిక్స్‌లోకి చేరింది. 1948లో కిర్క్ అలిన్‌తో 15 భాగాల సీరియల్ తీశారు. మనిషిని ఎగిరించడం చేతగాక, ఎగిరే సీన్లలో గీసిన బొమ్మనే పెట్టారు. ఇప్పుడు చూస్తే నవ్వొస్తది, కానీ అప్పటి పిల్లలు థియేటర్లు నింపారు.

కాబట్టి "పుస్తకంలో లేనిది పెట్టారు" అనేది ఒక్కటే తప్పు కాదని మా అభిప్రాయం. సైట్ మీద డ్రాయింగులో ఉన్న టైల్ దొరకకపోతే ఇంకో టైల్ వేస్తాం, తలుపు ఒక అడుగు జరుపుతాం. కాలమ్ మాత్రం ఎవరూ ముట్టుకోరు. ఎగరడం టైల్ లాంటిది. ఎవరి పక్కన నిలబడతాడు అన్నది కాలమ్.

రేడియోవాళ్లు ఆ కాలమ్‌ను నిలబెట్టారు. 1946లో 16 భాగాల నాటకంలో సూపర్‌మ్యాన్‌ను నల్లవాళ్ల మీద, వలసవాళ్ల మీద దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ లాంటి ముసుగు ముఠా మీదికి పంపారు. ఆ ముఠా వేధించేది కొత్తగా ఆ పేటకు వచ్చిన ఒక చైనా కుటుంబాన్ని. కామిక్స్ మాత్రం అప్పటికే మెత్తబడ్డాయి. బొమ్మ బాగా అమ్ముడుపోతున్నకొద్దీ ఎడిటర్లు జాగ్రత్తపడ్డారు. సూపర్‌మ్యాన్ ఎవరినీ చంపకూడదని కట్టడి పెట్టింది కూడా 1940 ప్రాంతంలో వాళ్లే. యజమానులతో తగాదా పోయి, పిచ్చి సైంటిస్టులతో, వేరే గ్రహాల వాళ్లతో తగాదా మిగిలింది.

ఇక 1978 సినిమా. దర్శకుడు రిచర్డ్ డోనర్ ఆ సినిమా తీసినన్నాళ్లూ వెరిసిమిలిట్యూడ్ అనే ఒక్క మాటను మంత్రంలా పట్టుకున్నాడు. చూసేవాడికి నిజమనిపించాలి అని దాని అర్థం. అప్పటిదాకా పెద్ద పేరు లేని క్రిస్టఫర్ రీవ్‌ను తీసుకున్నాడు. లోయిస్ ఇంట్లో ఒక చిన్న సీన్ ఉంది, దొరికితే మళ్లీ చూడండి. ఆమె పక్క గదిలో ఉండగా క్లార్క్ కళ్లజోడు తీసి, నడుము నిటారుగా చేసి, గొంతు మారుస్తాడు. అంతే, మనిషే వేరు. మళ్లీ భుజాలు కుంగదీసి కళ్లజోడు పెట్టుకుంటాడు. ఏ గ్రాఫిక్సూ లేదు. చివర్లో భూమి చుట్టూ తిరిగి కాలాన్ని వెనక్కి తిప్పడం మాకు మింగుడుపడలేదు గానీ, ఈ ఒక్క సీన్ కోసం అది కూడా క్షమించవచ్చు. అందులో విలన్ లెక్స్ లూథర్ పనికిరాని ఎడారి భూములు కొని, సముద్రం ఒడ్డు ఊళ్లను ముంచేసి, తన భూములనే తీరం చేద్దామని చూస్తాడు. మన దగ్గర ప్లాట్ల వ్యాపారులకు కూడా ఇంత ఐడియా రాదు.

ఆ తర్వాత రెండేళ్లకే, 1980లో, ఎన్టీఆర్ తెలుగులో సూపర్‌మ్యాన్ చేశారు. అందులో శక్తులిచ్చేది వేరే గ్రహం కాదు, ఆంజనేయస్వామి. దాన్ని కామిక్స్‌తో పోల్చి వెక్కిరించేవాళ్లున్నారు. మేమైతే వెక్కిరించం. వేరే గ్రహం సంగతి మన ఊరి ముసలమ్మకు చెప్పాలంటే గంట పడుతుంది, హనుమంతుడు అంటే ఒక్క నిమిషం.

1978 సినిమా వెనక ఇంకో కథ ఉంది, మనం ముఖ్యంగా తెలుసుకోవాల్సింది. 1938లో మొదటి కథకు సీగెల్, షూస్టర్‌లకు ముట్టింది పేజీకి 10 డాలర్ల లెక్కన 13 పేజీలకు 130 డాలర్లు. దాంతోపాటు ఒక కాగితం మీద సంతకం చేశారు. దాని ప్రకారం సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ కంపెనీకి పోయాయి. 1947లో కోర్టుకెక్కారు, హక్కులు తిరిగి రాలేదు. ఆ మీదట కామిక్స్‌లో నుంచి వాళ్ల పేర్లే తీసేశారు. 1975 నాటికి సీగెల్ లాస్ ఏంజిలెస్‌లో గుమస్తా ఉద్యోగం చేసుకుంటున్నాడు, షూస్టర్‌కు చూపు దాదాపు పోయింది. అదే సమయంలో కోట్ల ఖర్చుతో సినిమా వస్తోందని తెలిసింది. మార్లన్ బ్రాండో ఒక్కడికే 37 లక్షల డాలర్లు!

సీగెల్ ఊరుకోలేదు. జరిగిన అన్యాయమంతా రాసి పత్రికలకు పంపాడు. నీల్ ఆడమ్స్, జెర్రీ రాబిన్సన్ లాంటి బొమ్మల కళాకారులు వెనక నిలబడ్డారు. సినిమా ముంగిట్లో పరువు పోతుందని 1975 డిసెంబరులో వార్నర్ వాళ్లు దిగొచ్చారు. ఒక్కొక్కరికి ఏడాదికి 20,000 డాలర్లు, బతికున్నన్నాళ్లు. పేర్లు మళ్లీ వెయ్యాలి. ఆ రకంగా 1978లో తెర మీద సృష్టికర్తలుగా ఇద్దరి పేర్లూ పడ్డాయి. పాత్రకు న్యాయం చేశారా అని అందరూ అడుగుతారు గానీ, పాత్రను పుట్టించినోళ్లకు చేశారా అని అడిగేది తక్కువ. ఇక్కడికి వచ్చే ముందు ఏజెంటు ఆఫీసులో మనం సంతకం పెట్టిన కాగితాలు ఎన్ని చదివినమో ఎవరికి వారు గుర్తు చేసుకోండి. వాళ్లు చదువుకున్నోళ్లు, సొంత భాషల ఉన్న కాగితం. అయినా అట్లయింది.

2013 సినిమాలో సూపర్‌మ్యాన్ విలన్ మెడ విరిచి చంపాడని పెద్ద గొడవ. మమ్మల్ని ఇబ్బంది పెట్టింది అది కాదు. అన్ని బిల్డింగులు కూలుతుంటే లోపల ఉన్నోళ్లు ఏమయ్యారో సినిమా సరిగా చూడలేదు. కోబర్ ఒక్కడి కోసం గనిలోకి దిగినవాడు గదా. ఆ లెక్కన 2025లో జేమ్స్ గన్ తీసింది నయం. అందులో ఒక ఉడతను కూడా పక్కకు జరిపి కాపాడతాడు. ఇది వలస వచ్చినవాడి కథ అని గన్ అన్నందుకు అమెరికాలో కొందరికి కోపమొచ్చింది. 1938 మొదటి పేజీలోనే ఉంది ఆ సంగతి: నాశనమైపోతున్న గ్రహం నుంచి పంపేసిన పసిబిడ్డ, దారిన పోయే కారు మనిషికి దొరికి, అనాథాశ్రమంలో పెరిగాడు.

1978 నుంచి ఇప్పటిదాకా వచ్చిన పెద్ద సూపర్‌మ్యాన్ సినిమాల్లో ఆ గని కథ ఎక్కడా లేదు. మొదటి యాక్షన్ కామిక్స్ కలిపి వేసిన సంపుటాలు ఉన్నాయి, ఇక్కడి పెద్ద పుస్తకాల షాపుల్లో అడిగి చూడండి. ఇంగ్లీషు కష్టమనుకునేటోళ్లు ఫికర్ చెయ్యకండి, బొమ్మలతోనే సగం అర్థమైపోతది. చదివినంక, ఆ యజమాని ఇచ్చిన మాట నిలబెట్టుకొని ఉంటడా లేదా, మీకేమనిపించిందో కింద రాయండి. మా రూముల అయితే ఏడుగురిలో అయిదుగురు లేదనే అన్నరు.