చిట్టా ఉంది, ఆవర్జా లేదు

ఇంటి చరిత్ర అనగానే చాలామందికి వంశవృక్షాలూ, హాల్లో వేలాడే పాత ఫొటోలూ గుర్తొస్తాయి. నాకు మాత్రం సామాన్ల గది గుర్తొస్తుంది. ఏ సంవత్సరం ఏం నిలవ చేశారు, ఎంత చేశారు, ఎవరొచ్చినప్పుడు తీశారు, తాళంచెవి ఎవరి దగ్గర ఉండేది... ఇవి తెలిస్తే ఆ ఇల్లు సగం తెలిసినట్టే. ఈసారి అలాంటి ఒక గది గురించి రాస్తున్నాను. అది మన వైపు గది కాదు. అమెరికాలో, వర్జీనియా రాష్ట్రంలో, మాంటిచెల్లో అనే కొండమీది ఇంట్లో ఉంది. ఇంటాయన ఆ దేశపు మూడో అధ్యక్షుడు థామస్ జెఫర్సన్. గదేమో ఆయన వైన్ సీసాలు దాచుకున్న నేలమాళిగ.

"నువ్వు వైన్ గురించి రాయడమేమిటి?" అని మీలో కొందరు అనుకుంటారని తెలుసు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా కొట్లు మూయించిన రోజులు మరిచిపోయేంత పాతవేం కావు. తాగమనో, వద్దనో చెప్పడానికి రాస్తున్నది కాదిది. నా చూపు సీసాలో ఉన్నదాని మీద లేదు, ఆ సీసాల లెక్క మీద ఉంది. ఆ లెక్క ఎవరు రాశారు, అందులో ఎవరి పేర్లున్నాయి, ఎవరివి లేవు అన్నదాని మీద ఉంది.

దాచిన వస్తువు మీద వివరం రాసిపెట్టడం చాలా పాత అలవాటు. 1922లో హోవర్డ్ కార్టర్ కనుగొన్న ఈజిప్టు రాజు టూటన్‌ఖామున్ సమాధిలో నగలూ రథాలతో పాటు వైన్ కూజాలు కూడా ఉన్నాయి. వాటిలో 26 కూజాల మీద సిరాతో రాతలున్నాయి. రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు, ఏ తోటలో పండింది, తయారు చేయించిన పెద్ద ఎవరు అన్నీ రాశారు. ఎక్కువ కూజాల మీద కనిపించేవి నాలుగు, అయిదు, తొమ్మిదో సంవత్సరాలు. ఆ కుర్రరాజు సుమారు తొమ్మిదేళ్లు ఏలాడని చెప్పడానికి చరిత్రకారులకు దొరికిన ఆధారాల్లో ఈ రాతలు కూడా ఉన్నాయి. ఇంత రాసిన ఆ రాయసగాళ్లు లోపలున్నది ఎర్ర వైనో, తెల్ల వైనో మాత్రం రాయలేదు. మూడు వేల ఏళ్ల తర్వాత స్పెయిన్ శాస్త్రవేత్తలు కూజాల అడుగున అంటుకున్న మడ్డిని పరీక్షించి చెప్పాల్సి వచ్చింది. మనమూ అంతే కదా! డబ్బా మీద తేదీ వేస్తాం. లోపలిది బియ్యప్పిండో, మైదాపిండో మనకు తెలుసులే అనుకుంటాం.

ఇక జెఫర్సన్ దగ్గరకు వద్దాం. ఆయన 1784 నుంచి 1789 దాకా ఫ్రాన్స్‌లో ఉన్నాడు. 1787లో ఆ దేశపు దక్షిణ ప్రాంతాలన్నీ తిరిగాడు. ద్రాక్షతోటల మట్టి ఎలా ఉంది, కూలి ఎంత, ఏ తోట సరుకు మేలు అన్నీ రాసుకుంటూ పోయాడు. బోర్డో వెళ్లి అక్కడ అందరికన్నా ముందు వరసలో నిలిచే నాలుగు తోటల పేర్లు రాసుకున్నాడు: మార్గో, లాటూర్, ఓబ్రియాన్, లఫీత్. ఆయన అంచనా అక్కడి వాళ్లే ఒప్పుకునేది. 1855లో ఫ్రాన్సు వాళ్లు బోర్డో ఎర్ర వైన్లకు తరగతులు కట్టినప్పుడు మొదటి తరగతిలో పెట్టినవి సరిగ్గా ఆ నాలుగే.

సరుకు తెప్పించుకోవడంలో ఆయనకు ఒక పట్టుదల ఉండేది. మధ్యలో వ్యాపారి చేతిలో పడితే కల్తీ చేస్తాడని తోట యజమానికే నేరుగా ఉత్తరం రాసేవాడు. పీపాల్లో వస్తే దారిలో పడవవాళ్లు తాగేసి నీళ్లు కలిపేస్తారని, తోట దగ్గరే సీసాల్లో నింపి పంపమనేవాడు. 1790లో తనకూ, అప్పటి అధ్యక్షుడు వాషింగ్టన్‌కూ కలిపి సరుకు తెప్పించినప్పుడు, ఎవరి పెట్టెల మీద వాళ్ల పేరు పొడి అక్షరాలు వేయమని రాశాడు. పాలవాడు నీళ్లు కలుపుతాడేమోనని పాక దగ్గరకే చెంబు పట్టుకెళ్లిన తరం వాళ్లకు ఆ జాగ్రత్త వెంటనే అర్థమవుతుంది.

1801లో అధ్యక్షుడయ్యాక లెక్కలు ఇంకా ముదిరాయి. విందు విందుకీ ఎంతమంది వచ్చారు, ఎన్ని సీసాలు ఖాళీ అయ్యాయి అని పట్టీ వేసేవాడు. 1804లో షాంపేన్ లెక్క చూసుకుంటే 651 మంది అతిథులకు 207 సీసాలు ఖర్చయ్యాయి. అంటే ఒక్కో సీసా మూడుమందికీ, ఇంకో ఏడో వంతు మనిషికీ సరిపోయిందట! ఆ ఏడో వంతు మనిషి ఎవరో గానీ, దాన్నిబట్టే ఏడాదికి ఎన్ని సీసాలు నిలవ ఉండాలో తేల్చాడు. వందమందికి ఎంత బియ్యం పోయాలో వేళ్ల మీద చెప్పే మన పెళ్లి వంటవాళ్లు ఆయన్ని చూస్తే తమవాడే అనుకునేవారు.

మాంటిచెల్లో భోజనాల గది కింద సరిగ్గా వైన్ గది వచ్చేలా ఇల్లు కట్టించుకున్నాడు. భోజనాల గదిలో చలిమంట గూడుకు రెండు పక్కలా చిన్న తలుపులుంటాయి. తలుపు తీస్తే కింద గదిలోంచి తాడు మీద చిన్న పెట్టె పైకొస్తుంది, అందులో సీసా ఉంటుంది. ఖాళీ సీసా అందులోనే కిందికి పోతుంది. ఇప్పటికీ చూడ్డానికి వెళ్లినవాళ్లు ఆ ఏర్పాటుకు ముచ్చటపడతారు. నాకు మాత్రం కింద చీకట్లో నిలబడి సీసా పెట్టెలో పెట్టే మనిషి గుర్తొస్తాడు. అతిథులకు ఆ మనిషి కనబడకుండా ఉండటం కూడా ఆ ఏర్పాటులో భాగమే.

ఆ మనుషులెవరో తెలుసుకోవాలంటే జెఫర్సన్ పుస్తకాలు ఒక్కటే చాలవు. ఆ ఇంటి ఆడవాళ్ల పుస్తకం కూడా చూడాలి.

జెఫర్సన్ భార్య పేరు మార్తా. 1772 జనవరి 1న పెళ్లయింది. ఆ ఏడాది నుంచే ఇంటి పద్దు రాయడం మొదలుపెట్టింది. ఎన్ని బాతులు కోశారు, ఎంత సబ్బు వండారు, ఎన్ని కొవ్వొత్తులు పోశారు, ఎంత బీరు కాచారు అన్నీ రాసింది. అప్పట్లో తేలికపాటి బీరు వాళ్లకు రోజూ తాగే పానీయం, అది కాచడం ఇల్లాలి పని. కొత్త కోడలిగా వచ్చిన మొదటి ఏడాదిలోనే ఆమె చేయించింది 170 గ్యాలన్లు. పదేళ్లు కాపురం చేసి, కాన్పుల మీద కాన్పులతో నీరసించి, 1782లో 33 ఏళ్లకే పోయింది. భార్యాభర్తలు రాసుకున్న ఉత్తరాలు ఒక్కటీ మిగల్లేదు. ఆమె చేతిరాత మనకు దొరికేది ముఖ్యంగా ఈ పద్దు పుస్తకంలోనే. ఒక మనిషి మాట్లాడిన మాటలన్నీ పోయి, బాతుల లెక్కా సబ్బు లెక్కా మిగిలాయి. చదివినప్పుడు నాకు గుండె కలుక్కుమంది. ఆ లెక్కలే లేకపోతే అదీ మిగిలేది కాదు కదా అని తర్వాత సర్దుకున్నాను.

ఇంకో చిత్రం ఏమిటంటే, ఆ పుస్తకంలోనే మిగిలిన కాగితాల మీద ఇరవై ఏళ్లు దాటాక ఆమె మనవరాలు యాన్ రాసింది. 1805 నుంచి 1808 దాకా ఇంట్లోకి కొన్న కోళ్లు, గుడ్లు, కూరగాయల పద్దు అది. అవి ఎవరి దగ్గర కొన్నారు? ఆ కొండమీద బానిసలుగా ఉన్న కుటుంబాల దగ్గర. పగలంతా దొర పొలంలో పనిచేసి, మిగిలిన పొద్దులో తమ గుడిసెల పక్కన పెంచుకున్న కోళ్లూ, పండించుకున్న కూరలూ ఆ ఇంటికే అమ్మేవారు. వాళ్ల పేర్లు యాన్ పద్దులో ఉన్నాయి. అమ్మమ్మ పుస్తకంలో, కోడిగుడ్ల లెక్క పక్కన.

అక్కడ ఉర్సులా అనే ఆమె గురించి కూడా చెప్పాలి. 1773లో వేలంలో ఆమెనూ, ఆమె ఇద్దరు కొడుకులనూ కలిపి 210 పౌండ్లకు జెఫర్సన్ కొన్నాడు. వంటా, మాంసం పొగబెట్టి నిలవచేయడం, బట్టలు ఉతికించడం అన్నీ ఆమె మీదే. ఆపిల్ రసం పులియబెట్టి చేసే సైడర్‌ను సీసాల్లో నింపే పని వచ్చినప్పుడు, ఆ పనికి కావాల్సిన నేర్పూ నమ్మకమూ రెండూ ఉన్న మనిషి ఉర్సులా తప్ప ఇంకెవరూ లేరని జెఫర్సనే ఒక ఉత్తరంలో రాశాడు. వంటల పుస్తకం చేత్తో పట్టుకుని మార్తా వంటింట్లోకి వచ్చి, మా అమ్మకు చదివి చెప్పేదని ఉర్సులా కొడుకు ఐజాక్ ముసలితనంలో చెప్పుకున్నాడు. చదివే చేయి ఒకరిది, చేసే చేయి ఇంకొకరిది.

జెఫర్సన్ పెద్దతనంలో ఇల్లు చూసింది కూతురూ, మనవరాళ్లూ. కూతురి పేరు కూడా మార్తానే. మనవరాళ్లు వంతులేసుకుని నెలకొకరు తాళంచెవులు మోసేవారు. తాళంచెవులు చేతికొచ్చిన నెలంతా ఆ పిల్లకు పుస్తకం పట్టుకునే తీరిక ఉండేది కాదు. సామాన్ల గది తెరవాలి, కొలిచి ఇవ్వాలి, మూయాలి, రాయాలి. మాంటిచెల్లోకి పిలవకుండా వచ్చే చుట్టాలకు అంతు లేదు. భోజనాల బల్ల దగ్గర సీసాలూ, వడ్డనా చూసే బట్లర్ బర్వెల్ కోల్బర్ట్ కూడా బానిసే. తాత తత్వశాస్త్రం, తోటలు, సీసాలు అంటూ ప్రపంచమంతటికీ ఉత్తరాలు రాస్తుంటే, పైకి కనబడని ఆ పనంతా వీళ్ల చేతుల మీదుగా జరిగింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జెఫర్సన్ 1767 నుంచి 1826లో చనిపోయేదాకా రోజువారీ ఖర్చు రాశాడు. ఎవరికి ఎంత ఇచ్చాడో, ఏం కొన్నాడో పైసలతో సహా రాశాడు. 1997లో ఆ పుస్తకాలను రెండు పెద్ద సంపుటాలుగా అచ్చువేశారు. ఇంత రాసిన మనిషి పోయేనాటికి ఉన్న అప్పు లక్ష డాలర్ల పైమాటే! అధ్యక్షుడిగా ఉన్న ఎనిమిదేళ్లలో ఒక్క వైన్‌కే 10,000 డాలర్లకు పైగా పోశాడు. అప్పుకు అదొక్కటే కారణం కాదు. మామగారి అప్పులు నెత్తిన పడ్డాయి, స్నేహితుడికి పూచీ ఉండి మునిగాడు, ఇల్లు కట్టి పడగొట్టి మళ్లీ కట్టాడు. కానీ రోజూ రాస్తూ కూడా మొత్తం మీద తను ఎక్కడున్నాడో చూసుకోలేదు. మన పాత వ్యాపారుల మాటల్లో చెప్పాలంటే చిట్టా ఉంది, ఆవర్జా లేదు. ఏరోజుకారోజు రాసేది చిట్టా. దాన్ని పేరుపేరునా విడదీసి, నిలవెంతో, బాకీ ఎంతో తేల్చేది ఆవర్జా. చిట్టా రాస్తుంటే మనసుకు అంతా అదుపులో ఉన్నట్టే ఉంటుంది.

ఆ తేలని బాకీ ఎవరు తీర్చారు? 1827 జనవరిలో మాంటిచెల్లోలో వేలం పెట్టారు. సామాన్లతో పాటు 130 మంది బానిసలను కూడా వేలానికి పెట్టారు. తల్లులు ఒకచోటికీ పిల్లలు ఒకచోటికీ పోయారు. బర్వెల్ కోల్బర్ట్‌కు జెఫర్సన్ వీలునామాతో విడుదల వచ్చింది. అలా వీలునామాకు ఎక్కింది అయిదుగురి పేర్లే. రాయకుండా వదిలేసిన మొత్తం ఎక్కడికీ పోదు, నోరు లేనివాళ్ల మీద పడుతుంది.

అవే పుస్తకాలు ఇంకో నూట యాభై ఏళ్లకు పైగా గడిచాక ఒక మంచి పని కూడా చేశాయి. 1985 డిసెంబరులో లండన్‌లో క్రిస్టీస్ వాళ్లు ఒక సీసాను వేలం వేశారు. మీద 1787, లఫీత్, జెఫర్సన్ పొడి అక్షరాలు చెక్కి ఉన్నాయి. పారిస్‌లో గోడ కట్టి మూసేసిన గదిలో దొరికిందని తెచ్చిన జర్మన్, హార్డీ రోడెన్‌స్టాక్ అన్నాడు. 1,05,000 పౌండ్లు పెట్టి ఫోర్బ్స్ కుటుంబం కొన్నది. అద్దాల పెట్టెలో దీపం కింద పెడితే ఆ వేడికి బిరడా ఎండి సీసాలోకి జారిపోయింది! మాంటిచెల్లోలో పనిచేసే పరిశోధకురాలు లూసియా గుడ్విన్ జెఫర్సన్ ఉత్తరాలూ, పద్దులూ వెతికింది. తెప్పించిన ప్రతి పెట్టే రాసుకున్న మనిషి పుస్తకంలో ఆ సీసాల ఊసే లేదు. ఆయన సంతకంలో పెట్టే చుక్కల తీరు కూడా కలవలేదు. అప్పట్లో ఆమె మాటను కొనేవాళ్లు పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత అలాంటివే నాలుగు సీసాలు కొన్న అమెరికా ధనికుడు బిల్ కోక్ పరీక్షలు చేయించాడు. ఆ అక్షరాలు కరెంటుతో తిరిగే పనిముట్టుతో చెక్కినవని నిపుణులు తేల్చారు. 2006లో కోక్ కోర్టుకెక్కాడు. ఆ అక్షరాల గుట్టు లక్షల డాలర్ల పరీక్షల్లో తేలింది. అంతకు ఇరవై ఏళ్ల ముందే పద్దు పుస్తకం ముందు కూర్చుని ఒక ఆడమనిషి అనుమానం చెప్పేసింది.

అందుకే ఇంట్లో వైనే కానీ, ఆవకాయే కానీ, పట్టుచీరలే కానీ, వరుసగా సర్ది పేరు రాసిపెట్టేవాళ్లంటే నాకు గౌరవం. సీసాలు సేకరించేవాళ్లు ఇప్పటికీ రాసుకునేవి పాత వివరాలే: తోట పేరు, సంవత్సరం, ఎప్పుడు ఎంతకు కొన్నది, ఏ అరలో ఉంది, ఎన్ని మిగిలాయి, ఎప్పుడు ఎవరితో తెరిచారు. ఈ చివరి గడి నాకు అన్నిటికన్నా ఇష్టం. మా అత్తగారి పద్దు పుస్తకంలో ఆవకాయ పెట్టిన ప్రతి ఏడూ కాయలెన్ని, నూనె ఎంత అని రాసి, కింద కారం కొట్టడానికి వచ్చినవాళ్ల పేర్లూ, వాళ్లకిచ్చిన కూలీ రాసి ఉంటాయి. ఏడాది చివర మొత్తం వేసి గీత గీసేది. పెద్దగా చదువుకోలేదు, కానీ చిట్టా, ఆవర్జా రెండూ ఉన్నాయి.

మీ ఇళ్లలో అటకమీద ఇలాంటి పుస్తకాలుంటే పాత పేపర్లతో కలిపి తూకానికి వేసేయకండి. ఒకసారి తెరిచి చూడండి. ఎవరి పేర్లున్నాయో చదవండి. అప్పట్లో చేసి, పేరు లేకుండా పోయినవాళ్లు మీకు గుర్తుంటే, మిగిలిన ఖాళీ పేజీల్లో మీరే రాయండి.