జ్వరాల మన్యం నుంచి శీతాకాల విడిది దాకా

మాడుగుల సంతకు ఒకప్పుడు కొండల మీంచి పసుపు, చింతపండు, పిప్పళ్లు, అడ్డాకులు దిగేవి. కింది నుంచి ఉప్పు, బట్టలు పైకి వెళ్లేవి. ఇప్పుడు డిసెంబరు వచ్చిందంటే శని, ఆదివారాల్లో గరికిబంద వైపు కార్లు బారులు తీరుతున్నాయి. వాటిలో వెళ్లేవాళ్లు పైన కొనేదీ అమ్మేదీ పెద్దగా ఏమీ ఉండదు. వాళ్లకు కావలసింది చలి, దానితోపాటు తెల్లవారుజామున లోయ నిండా పరుచుకునే మంచు. సముద్రపు ఉక్కలో బతికే విశాఖవాసికి కొండ చలి అపురూపమే. అయితే చలి కోసం కొండెక్కి, డబ్బిచ్చి, రాత్రి అక్కడే ఉండి రావడం మన దగ్గర చాలా కొత్త అలవాటు. మంచు కొండల విడిదికి పుట్టిల్లని చెప్పే ఆల్ప్స్‌లో కూడా అది మరీ పాతదేం కాదు.

థామస్ కుక్ తన మొదటి స్విట్జర్లాండ్ యాత్రను 1863లో నడిపాడు. అది వేసవి యాత్ర. చలికాలం వస్తే హోటళ్లు మూతపడేవి. ఆ మరుసటి ఏడు సెయింట్ మోరిట్జ్‌లో యోహానెస్ బాద్రుత్ అనే హోటల్ యజమాని ఇంగ్లీషు అతిథులతో పందెం కాశాడని చెబుతారు. చలికాలంలో వచ్చి చూడండి, నచ్చకపోతే ఖర్చులు నావి అన్నాడట. వాళ్లు వచ్చి నెలల తరబడి ఉండిపోయారని కథ. దావోస్‌లో దారి వేరు. అక్కడి కొండగాలి క్షయరోగానికి మందని అలెగ్జాండర్ స్పెంగ్లర్ అనే వైద్యుడు నమ్మాడు. 1865లో చలికాలపు రోగులు రావడం మొదలైంది. ఆటలు తరవాత వచ్చాయి. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయల్ 1894లో దావోస్ నుంచి అరోసా దాకా స్కీల మీద కనుమ దాటాడు. 1924లో షామోనీలో తొలి శీతాకాల ఒలింపిక్స్ జరిగాయి. మనుషులను కడ్డీకి ఆనించి వాలు మీదికి లాగే లిఫ్టు 1934లో దావోస్‌లోనే మొదలైంది. ఈనాడు సంపన్నులు నెలల ముందే గదులూ లిఫ్టు పాసులూ శిక్షకులనూ మాట్లాడుకుని చేసే స్కీ విహారం వెనక డెబ్భై ఏళ్ల ఈ ప్రస్థానం ఉంది. రోగి పడుకున్న మంచం దగ్గర మొదలై ఆటగాడి దాకా వచ్చింది.

ఆ ఏళ్లలోనే మన కొండల మీదా ఒక ప్రయత్నం జరిగింది. అనంతగిరి దాటాక వచ్చే గాలికొండ అయిదు వేల అడుగులు దాటిన ఎత్తు. 1860 ప్రాంతంలో తెల్ల సిపాయిల కోసం అక్కడ ఆరోగ్య విడిది పెట్టాలని ఇంగ్లీషువాళ్లు చూశారు. అప్పటికే ఊటీ ఉంది కాబట్టి ఉత్తర సర్కారులకూ ఒకటి కావాలనుకున్నారు. ఎత్తుంది, చల్లదనముంది, సముద్రం దగ్గరే ఉంది. కానీ జ్వరం వాళ్లను నిలవనివ్వలేదు, విడిది ఎత్తేశారు. దావోస్‌లో కొండగాలి జబ్బు తగ్గిస్తుందని రోగులు చేరుతున్న కాలానికే, మన మన్యంలో కొండగాలే జబ్బు తెస్తుందన్న భయం పాతుకుపోయింది. మన్యానికి బదిలీ అంటే ఉద్యోగులు వణికిపోయేవారు. ఆ జ్వరానికి కారణం గాలి కాదు, దోమ అని తేలింది మన సికింద్రాబాదులోనే. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. అయినా మన్యం మీద జ్వరాల ముద్ర ఇంకో యాభై అరవై ఏళ్లు పోలేదు.

కొండ మీదివాళ్లకు ఆ భయం ఒక విధంగా కాపలా కాసింది. బగతలు, కొండదొరలు, వాల్మీకులు, పోర్జలు, కోందులు తమ పోడు తాము చేసుకున్నారు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవిలో గొడ్డలి వేయడానికీ, పశువులు మేపడానికీ అడ్డంకులు మొదలయ్యాయి. ఆ తరవాత రోడ్లు వచ్చాయి. ఇక్కడ కాస్త ఆగాలి. ఇవాళ ‘ఆంధ్రా కశ్మీర్’ అని అందరూ పరుగెత్తే లంబసింగి చరిత్ర ఈ రోడ్డు దగ్గరే ఉంది.

నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాట్ మీదుగా చింతపల్లికి వేసిన రోడ్డు పనిలో గిరిజనులను చాలీచాలని కూలికి, చాలాసార్లు కూలే లేకుండా, కొరడా దెబ్బల మధ్య పని చేయించారు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ పేరు ఆ దౌర్జన్యానికి గుర్తుగా మిగిలింది. అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, మల్లుదొర లాంటి వాళ్లు కదలడానికి ఉన్న కారణాల్లో ఆ రోడ్డు ఒక పెద్ద కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణా మీద, 23న కృష్ణదేవిపేట మీద, 24న రాజవొమ్మంగి మీద దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు ఇంగ్లీషు అధికారులు చనిపోయారు. ఇప్పుడు ఆ ప్రాంతాల మీదుగానే తెల్లవారుజామున కార్లు వెళుతున్నాయి. మలుపు దగ్గర ఆపి ఫోటోలు దిగుతున్నారు. దిగవద్దని నేననను. ఆ మలుపు ఎవరి చెమటతో తిరిగిందో తెలిసి దిగమంటాను.

స్వాతంత్ర్యం తరవాత కొండలను మార్చింది ముందు రైలు. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుంచి జపానుకు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. 58 సొరంగాలు తవ్వారు. దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషను వచ్చింది. ఖనిజం కోసం వేసిన దారిలో ప్రయాణికుల రైలు కూడా నడవడంతో బొర్రా గుహలు, అరకు విశాఖవాసికి ఒక్కరోజు ప్రయాణమయ్యాయి. మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో మొదలై జ్వరం భయాన్నీ కొంత తగ్గించింది. పర్యాటక శాఖ అనంతగిరిలో, అరకులో, టైడాలో విడిది గృహాలు కట్టింది. 2017 ఏప్రిల్‌లో అరకు రైలుకు అద్దాల పైకప్పున్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. మాడుగుల వైపుకి రైలు రాలేదు. ఈ వైపు పాడేరు ఘాట్ రోడ్డే దిక్కు. అందుకే పాడేరు, చింతపల్లి, లంబసింగిలకు పర్యాటకం ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం ఒక్కసారిగా వచ్చిపడింది. చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానం నమోదు చేసే ఉష్ణోగ్రత పత్రికల్లో పడటం, సెల్‌ఫోన్లలో మంచు ఫోటోలు తిరగడం, ఈ రెండూ కలిసి లంబసింగిని ఊరూరా తెలిసేలా చేశాయి. తరవాత పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల సముద్రం వంతు వచ్చింది.

ఇంత గిరాకీ ఉన్నా లంబసింగిలో సెయింట్ మోరిట్జ్ తరహా విలాస హోటళ్లు వరుసగా లేవలేదు. అందుకు కారణం చట్టం. దీన్ని లోపంగా చెప్పేవాళ్లున్నారు. నా దృష్టిలో ఇది ఈ కొండలకు దొరికిన గొప్ప రక్ష. గిరిజనుల భూమి చేతులు మారకుండా 1917లోనే ఒక చట్టం వచ్చింది. 1959 నిబంధన దాన్ని కొనసాగించింది. 1970లో సవరించి గట్టి చేశారు. మన్యంలో అందరి నోటా ఉండే ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అదే. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తి గిరిజనేతరుడి చేతికి పోరాదు. బొర్రా, అనంతగిరి వైపు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో 1997 జులై 11న సుప్రీంకోర్టు ఇంకో మెట్టు ఎక్కింది. ప్రభుత్వం కూడా ఆ నిబంధన కింద ‘వ్యక్తి’యే, తన భూమినైనా గిరిజనేతరులకు గనుల లీజుకు ఇవ్వకూడదని చెప్పింది.

సాక్షాత్తూ స్విట్జర్లాండే ఇలాంటి దారి పట్టిందని మనవాళ్లకు అంతగా తెలియదు. అక్కడి కొండ ఊళ్లలో డబ్బున్నవాళ్లు కొని, ఏడాదిలో కొన్ని వారాలే తెరిచే ఇళ్లు పెరిగిపోయాయి. ఊరివాళ్లకు ఇల్లు దొరకడం కష్టమైంది. 2012 మార్చి 11న ప్రజలు ఓటు వేసి, ఏ ఊళ్లోనూ అలాంటి రెండో ఇళ్లు 20 శాతం మించకూడదని తీర్మానించారు. అంత సంపద చూసిన దేశం, కొండ కొండవాళ్లకు మిగలాలని ఆలస్యంగా చేసుకున్న చట్టం అది. మనకు అంతకంటే బలమైనది 1970లోనే ఉంది. దాన్ని నిలుపుకోవడమే మన పని. గిరిజనుడి పేరు బోర్డు మీద, పెట్టుబడీ లాభమూ మరొకరివి అన్న పద్ధతి ఆ చట్టాన్ని లోపలి నుంచి తినేస్తుంది.

ఇక ప్రయాణం తలపెట్టేవారికి కొన్ని మాటలు. ఇక్కడ ఆల్ప్స్‌లోలా హిమపాతం లేదు, స్కీయింగ్ కుదరదు. అది కావాలంటే గుల్మార్గ్‌కో ఔలీకో వెళ్లాలి. ఇక్కడ దొరికేది పొగమంచు, గడ్డి మీద తెల్లగా పేరుకునే మంచు, ఒక్క అంకెకు పడిపోయే రాత్రి ఉష్ణోగ్రత. డిసెంబరు, జనవరి మంచి కాలం. ఉన్ని బట్టలు, దోమతెర తప్పకుండా ఉండాలి. చూడవలసింది సూర్యోదయం ముందే కాబట్టి ముందు రాత్రే కొండ మీద ఉండాలి. చీకట్లో ఘాట్ ఎక్కవద్దు. మాడుగుల అని అడిగితే రెండున్నాయి: మైదానంలోది వి.మాడుగుల, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. కొండ మీదిది గంగరాజు మాడుగుల, 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. కొత్తపల్లి జలపాతం చూడాలనుకునేవారు రెండో మాడుగులకు వెళ్లాలి. మొదటి మాడుగులలో ఆగితే, గోధుమపాలు తీసి నేతితో చేసే నూరేళ్లు దాటిన హల్వా దొరుకుతుంది.

గది మాట్లాడుకునేటప్పుడు చలి ఎంత, కిటికీలోంచి లోయ కనిపిస్తుందా అని అందరూ అడుగుతారు. ఈ ఇల్లు ఎవరిది, వండేది ఎవరు, నేనిచ్చే డబ్బు ఈ ఊళ్లో ఎంత ఉంటుంది అని కూడా అడగండి. పాడేరు, చింతపల్లి కొండల్లో తమ ఇంటి పక్కనే గుడారాలు వేసి, రాగి అంబలి, కోడికూర పెట్టి, సొంత తోటలో కాసిన కాఫీ ఇచ్చే గిరిజన కుటుంబాలున్నాయి. ముందు వాళ్ల తలుపు తట్టండి. మీరు తీసుకెళ్లిన ప్లాస్టిక్ మీరే కిందికి తెచ్చుకోండి.