ధాత కరువులో మన పూర్వులు



శతజయంతి సంచికకు ఒక వ్యాసము వ్రాయుడని కమిటీవారు కోరినప్పుడు విషయము కొరకు మేము వెదకుకొన పనిలేకపోయెను. చంద్రశేఖరపురము చేరువనున్న ఒక పల్లెలో వృద్ధ సహోదరి ఒకామె అడిగిన ప్రశ్న అంతకుముందే మా మనస్సులో నాటుకొని యుండెను. ఆ యేడు వాన మొగము చాటేసినది. రెండవ బోరులో కూడ నీరు పడలేదు. కుమారుడును కోడలును కూలిపనికి పట్నము పోయిరి. ఇంట ఆమెయు, మనుమడును, ఒక గేదెయు మిగిలిరి. మేము ప్రార్థన ముగించి లేవబోవుచుండగా ఆమె, "అయ్యగారా, గాలివానను ఆపిన దేవుడు ఈ ఎండను ఆపలేడా? వాన పడకపోతే మనల్ని మరిచిపోయినట్టేనా?" అని అడిగినది.

మేము ఏదో వాక్యము చెప్పి వచ్చితిమి. చెప్పినది తప్పు కాదు. కాని ఆమె ప్రశ్నకు అది చాలలేదని తిరిగి వచ్చు దారి పొడుగునా మాకు తెలియుచునే యుండెను.

తుపాను అనగానే సముద్రతీరము వారికి 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన గుర్తుకు వచ్చును. మన పడమటి వారి తుపాను వేరు. దానికి గాలి లేదు, మబ్బు లేదు, ఒక్క రాత్రిలో వచ్చి పోవునదియు కాదు. నెలల తరబడి ఆకాశము తెల్లగా నిలిచియుండుటయే మన తుపాను. శిష్యులు పడవలో నున్న కథను మేము ఈ ప్రాంతమున ఎన్నిసార్లు ప్రసంగించినను, ఆ అలలను మన బీళ్లమీదికి తెచ్చుట కష్టముగానే యుండినది. అందుచేత ఈ నేలమీదనే జరిగిన ఒక సంగతిని ఇక్కడ వ్రాయ తలచితిమి.

1970లో ప్రకాశము జిల్లా ఏర్పడువరకు చంద్రశేఖరపురము నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోనిది. మార్కాపురము, కంభము, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివి. జిల్లాలు వేరైనను కరువు ఒక్కటే. పెద్దలు ధాత కరువు అని చెప్పుకొనునది 1876 నుండి 1878 వరకు పట్టిన కరువు. ధాత నామ సంవత్సరమున మొదలైనందున దానికా పేరు. దక్షిణ, పశ్చిమ భారతములలో కలిపి ఏబది లక్షలకు పైగా జనులు దానిలో చనిపోయిరి. మద్రాసు రాజధానిలో మిక్కిలి దెబ్బతిన్న జిల్లాలలో కర్నూలు ఒకటి. జనులు అంతగా మాడుచుండగా కూడ రేవులనుండి ధాన్యము ఓడలెక్కి సీమకు పోవుట ఆగలేదు. సర్ రిచర్డు టెంపుల్ అను అధికారి 1877లో, కరువు పనిలో చెమటోడ్చువానికి దినమునకు ఒక పౌను ధాన్యమును, కొద్దిపాటి పైకమును చాలునని నిర్ణయించెను. ఒక పౌను అనగా అర కిలోకు తక్కువ. అది చాలదని వైద్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించవలసి వచ్చెను. దీనిపై మేము వేరే వ్యాఖ్య చేయము.

అప్పుడు ఒంగోలులో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు పనిచేయుచుండిరి. బాప్తిస్టుల కథ మన డయాసిస్ పుస్తకములో ఎందుకని ఎవరైన అడుగవచ్చును. చిన్నబిడ్డలకు బాప్తిస్మమిచ్చుటను గూర్చి వారికిని మనకును ఉన్న వాదము పరలోకములో తీరవలసినదే. అయినను ఈ కథకు మొదటి దారము మనవారి చేతిలోనే యున్నది. ఒంగోలుకు పడమట నలువది మైళ్ల దూరమున తాళ్ళకొండపాడు అను ఊరిలో ఎర్రగుంట్ల పేరయ్య అను మాదిగ పెద్ద యుండెను. యోగము నేర్చినవాడు, గురువులను సేవించినవాడు. తోళ్ల వ్యాపారము మీద ఉత్తరాదికి పోయి, ఏలూరులో చర్చి మిషనరీ సొసైటీవారి అలెగ్జాండరు దొరగారినోట మొదట సువార్త వినెను. ఆ దొరగారు మన ఆంగ్లికను సంఘమువారే. ఒంగోలుకు ఒక మిషనరీ రాబోవుచున్నాడని కూడ అక్కడనే తెలిసినది. పేరయ్యయు భార్య నాగమ్మయు 1866లో బాప్తిస్మము పొందిరి. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు వెళ్లి చింతతోపులో గుడారము వేయగా, కొద్ది దినములలో ఇరువది ఎనిమిదిమంది బాప్తిస్మము పొందిరి.

ఆ క్రొత్త విశ్వాసులకు విధించిన నియమములు మూడే. ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను మ్రొక్కరాదు. చదువుటకు తేలికగానున్నవి. కాని మోటలకు తోలుబానలు కుట్టువాడు, జాతరలో డప్పు కొట్టువాడు ఈ మూడింటిని పట్టుకొన్నచో ఊరి కట్టుబాటు యావత్తు కదలును. కనుక పని ఇచ్చువారు మానిరి, నీటివద్దను దారివద్దను అడ్డగించిరి. కరువు రాకముందే మన పూర్వులకు ఒక తుపాను గడచినదని మనము మరువరాదు.

అటుపైని కరువు వచ్చినది. క్లౌ దొరగారు మిషనరీ కాకముందు భూములు కొలుచు సర్వేయరు. ఆ విద్య ఇప్పుడు అక్కరకు వచ్చినది. గవర్నరు బకింగ్‌హాము ప్రభువు పేర తరువాత బకింగ్‌హాము కాలువ అని పిలువబడిన కాలువ అప్పుడు తీరము వెంబడి త్రవ్వబడుచుండెను. అందులో మూడున్నర మైళ్ల కంట్రాక్టును ఆయన తీసికొనెను. వేలకొలది జనులు పడమటి పల్లెలనుండి ఎముకలగూళ్లవలె నడచి వచ్చిరి. దారిలో కూలినవారు కూలిరి. శిబిరములలో కలరా కూడ తగిలినది. పనిమీద మేస్త్రీలుగా దొరగారు తన బోధకులనే నిలిపిరి. గడ్డపారలు దింపి మధ్యాహ్నము కూర్చుండు వేళ ఆ బోధకులు కూలీలతో నేలమీద కూర్చుండి మాటలాడెడివారు. మత్తయి సువార్త పదునొకండవ అధ్యాయము చివర, భారము మోయువారిని ప్రభువు తనయొద్దకు పిలిచిన పిలుపునే వారు మరల మరల చెప్పిరట. తలమీద మట్టితట్ట దింపినవానికి ఆ మాటకు అర్థము చెప్పనక్కరలేదు గదా!

థియొలాజికల్ కాలేజీలో మేము చదువునప్పుడు ఈ పాఠమునుండి ఒక్క అంకెనే కంఠస్థము చేసితిమి. పరీక్షలో అదియే అడిగెడివారు. 1878 జూలై 3వ తేదీన ఒంగోలుకు ఉత్తరమున పది మైళ్ల దూరమునగల వెల్లంపల్లి వద్ద, గుండ్లకమ్మ నదిలో, ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ముందుదినము 614, మరునాడు 700. మూడు దినములకు 3,536. ఆ అంకె గొప్పదే. అయితే దానికి ముందు జరిగినది అంతకన్న గొప్పదని ఇప్పుడు మాకు తోచుచున్నది.

కరువుకాలములో బాప్తిస్మము కోరి వేలమంది వచ్చినను, క్లౌ దొరగారు పదునైదు నెలలపాటు ఎవరికిని ఇయ్యలేదు. గంజి కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో ఆయనకు తెలియదు. తెలియనిదానిని తెలిసినట్లు నటించలేదు. బియ్యపు క్రైస్తవులని మనలను నేటికిని ఎగతాళి చేయువారు కలరు. ఆ మాట ఆనాడే ఆ దొరగారి చెవిని పడియుండును. ఆయన దానికి వాదముతో జవాబు చెప్పక, చేతిలో సహాయము ఉన్నంతకాలము చేయి నదివైపు చాపక ఊరకుండెను.

1878 జూన్‌లో, పంచుటకు సొమ్మంతయు అయిపోయిన తరువాత, ఆయన బోధకులను మాత్రము వెల్లంపల్లికి రమ్మనెను. వారి వెంబడి జనులు గుంపులు గుంపులుగా వచ్చిరి. డబ్బు లేదు, ఇక ఇచ్చునది ఏమియు లేదు, ఇండ్లకు పొండని ఆయన చెప్పెను. వారిచ్చిన జవాబును ఆయనయే తరువాత వ్రాసియుంచెను. దాని సారాంశమిది: సహాయము మాకు వద్దు, మేము కష్టము చేసి బ్రదికితిమని మా అరచేతుల బొబ్బలే చెప్పును, వచ్చు పంటయు పోయినచో మేము చచ్చిపోదుము, చచ్చినచో క్రైస్తవులముగా చావగోరుచున్నాము.

పాఠకులు ఈ జవాబు దగ్గర కొంచెము నిలువవలెనని మా కోరిక. వాన పడునని వారు నమ్మినట్లు ఇందులో ఎక్కడను లేదు. పంట పోవచ్చునని వారే చెప్పుచున్నారు. అందరి హృదయములు ఒక్కటిగా శుద్ధమైనవని మేము అనము. అంత గుంపులో రెండవ ఆలోచన గలవారు కొందరుండక పోరు. అమెరికాలో కూడ ఇంతమందికి ఇంత త్వరలోనా అని శంకించినవారు ఉండిరి. కాని గంజి కొరకైనచో అంతకు ముందటి యేడు రావలెను, పాత్రలు ఖాళీయైన తరువాత కాదు.

జూలై 3న బోధకులు ఆరుగురు, ఒక్కొక్కసారి ఇద్దరు చొప్పున నీటిలో నిలిచి తొమ్మిది గంటలసేపు పనిచేసిరి. ఒడ్డుననుండి ఒక్కొక్కరి పేరు పిలువబడెను. దొరగారు ఆనాడు ఒక్కరికైనను తన చేతితో బాప్తిస్మమియ్యలేదు. ఊరిలో పేరు పెట్టి గౌరవముగా పిలువబడనివారు తమ వారి చేతులమీదుగా, తమ పేర్లు వినుచు, నీటిలో దిగిరి. జూన్ 16 నుండి జూలై నెలాఖరువరకు ఈ విధముగా చేరినవారు 8,691 మంది. తరువాతి సంవత్సరములలో కంభము, మార్కాపురము, కనిగిరి, పొదిలి పట్టణములలో మిషను స్టేషనులు వెలసినవి. వాటిని గూర్చి వ్రాయ వేరొక వ్యాసము కావలెను.

ఈ సంగతులన్నియు చదువుకొని, కొన్ని నెలలకు మేము ఆ సహోదరి ఇంటికి మరల వెళ్లితిమి. అరుగుమీద కూర్చుండి ఈ కథ చెప్పితిమి. ఆమె మధ్యలో అడ్డురాక వినినది. తరువాత, "మరుసటేడు వాళ్లకు పంట పండిందా అయ్యగారా?" అని అడిగినది.

"వానలు తిరిగొచ్చినయమ్మా," అంటిమి.

"మరి నీళ్లల్లో దిగేటప్పుడు వాళ్లకా సంగతి తెలవదు కదా?"

"తెలవదు."

ఆమె కొంతసేపు ఊరకుండెను. "గుండ్లకమ్మంటే మన కంభం చెరువులోకి వచ్చే ఏరేనా?" అనెను. నల్లమలలో పుట్టి కంభము చెరువు మీదుగా వెల్లంపల్లి వైపు పోవునది అదియేనని చెప్పితిమి. ఆమె తల ఊపి, గేదెకు కుడితి పెట్టు వేళయైనదని కొంగు బిగించి లేచినది.