ట్రాన్సియెంట్ (జావా)

ట్రాన్సియెంట్ అనేది జావా భాషలో ఆబ్జెక్టును సీరియలైజ్ చేసేటప్పుడు ఏ ఫీల్డును వదిలివేయాలో సూచించే కీవర్డు. ఆబ్జెక్టు స్థితిని ఫైలులో భద్రపరచడానికో, నెట్‌వర్కు మీదుగా పంపడానికో బైట్ల వరుసగా మార్చడమే సీరియలైజేషన్. 1997 ఫిబ్రవరిలో వెలువడిన జేడీకే 1.1తో ఈ సదుపాయం జావాలో చేరింది. సీరియలైజబుల్ ఇంటర్‌ఫేసును అమలుచేసే క్లాసులో స్టాటిక్, ట్రాన్సియెంట్ ఫీల్డులు తప్ప మిగిలినవన్నీ సాధారణంగా బైట్లలోకి చేరతాయి. పాస్‌వర్డులకు, తాత్కాలిక లెక్కల ఫలితాలకు, థ్రెడ్ల వంటి వనరులకు ఈ కీవర్డును వాడతారు.

బైట్ల నుంచి ఆబ్జెక్టును తిరిగి రూపొందించే డీసీరియలైజేషన్‌లో సీరియలైజబుల్ క్లాసు కన్‌స్ట్రక్టరు నడవదు. అందువల్ల ట్రాన్సియెంట్ ఫీల్డుకు కోడులో ఇచ్చిన తొలి విలువ కూడా సాధారణంగా దక్కదు. సంఖ్య అయితే 0, బూలియన్ అయితే ఫాల్స్, రిఫరెన్సు అయితే నల్ మిగులుతుంది. ఈ కీవర్డు వాడకంలో అన్నిటికన్నా జాగ్రత్త కోరేది ఇదే. కావలసిన విలువను రీడ్‌ఆబ్జెక్ట్ మెథడ్‌లో తిరిగి నింపాలి. ఉదాహరణకు, హ్యాష్‌కోడులు ఒక్కో వర్చువల్ మెషీన్‌లో ఒక్కోలా ఉండవచ్చు కనుక, హ్యాష్‌మ్యాప్ తన అంతర్గత పట్టికను ట్రాన్సియెంట్‌గా ఉంచి, కీ-విలువ జతలను విడిగా రాసి, చదివేటప్పుడు పట్టికను మళ్లీ నిర్మిస్తుంది.

ట్రాన్సియెంట్ వదిలివేత రాయడానికీ చదవడానికీ ఒకేలా వర్తిస్తుంది. దీనికి భిన్నంగా, జేసన్ రూపం కోసం వాడే జాక్సన్ లైబ్రరీలో, 2.6 వెర్షన్ నుంచి, ఒక ఫీల్డును చదివేటప్పుడు స్వీకరించి రాసేటప్పుడు మాత్రం వదిలేలా నిర్దేశించవచ్చు.